నిలబడి చూడదగ్గ నగరం

పత్రికలవాళ్ళు వేసవి సెలవులు రాగానే "హైదరాబాద్‌లో తప్పక చూడవలసిన ప్రదేశాలు" అని ఒక జాబితా వేస్తారు. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్, ట్యాంక్‌బండ్, జూపార్కు, ఆ పైన బిర్యానీ. టికెట్టు ఎంతో రాస్తారు, వేళలు రాస్తారు, సెలవు ఏ రోజో రాస్తారు. అక్కడికి వెళ్ళాక ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఒక్కరూ రాయరు. ఆ జాబితాలు రాసేవాళ్ళందరికీ మోకాళ్ళు దివ్యంగా ఉంటాయని నా అనుమానం.

నగరం గొప్పదనాన్ని కొలవడానికి నిపుణుల దగ్గర రకరకాల కొలతలున్నాయి. తలసరి ఆదాయం అంటారు, ఐటీ ఎగుమతులు అంటారు, ఫ్లైఓవర్లు లెక్కపెడతారు. నా దగ్గరున్న కొలత తణుకు నుంచి వచ్చిన మా బాబాయి. రిటైరైన లెక్కల మాస్టారు. ఉద్యోగమంతా బోర్డు ముందు నిలబడే చేశాడు కాబట్టి రిటైరయ్యాక మోకాళ్ళు రెండూ కలిసి సమ్మె నోటీసిచ్చాయి. ఎక్కడికి తీసుకెళ్ళినా తల పైకెత్తి ఓసారి చూసి, "బాగుందిరా అబ్బాయ్, కాస్త కూర్చుందామా?" అంటాడు. ఈ ఒక్క ప్రశ్నతో మహానగరం మొత్తం చేతులెత్తేసింది.

మొదట ట్యాంక్‌బండ్ మీదికి తీసుకెళ్ళాను. లోకంలో చాలాచోట్ల బుద్ధుడు కూర్చుని కనిపిస్తాడు. అసలు చెట్టు కింద కుదురుగా కూర్చోబట్టే ఆయన బుద్ధుడయ్యాడు. హుస్సేన్‌సాగర్‌లో మాత్రం నిలబడ్డాడు. పద్దెనిమిది మీటర్ల ఏకశిల. 1990లో తరలిస్తుండగా నీళ్ళలో పడిపోయాడు. ఆ ప్రమాదంలో మనుషులు పోయారు గనుక దాని మీద హాస్యం వద్దు. 1992 డిసెంబరులో సాగర్ మధ్యన ప్రతిష్ఠించారు. అప్పట్నుంచీ నిలబడే ఉన్నాడు. సాగర్ ఒడ్డునే 2023లో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం వెలిసింది, ఆయనా నిలబడే ఉన్నారు. ఎన్టీఆర్ హయాంలో కట్ట మీద పెట్టిన కవులూ రాజులూ చాలామందిదీ అదే పరిస్థితి. ఈ చుట్టుపక్కల పెద్ద విగ్రహాల్లో పద్మాసనం వేసుకుని తీరిగ్గా కూర్చున్నది రామానుజాచార్యులవారు. పీఠంతో కలిపి 216 అడుగులు. కాకపోతే అది ముచ్చింతల్‌లో. కూర్చోవాలంటే ఊరు దాటక తప్పదని ఆచార్యులవారు అందరికన్నా ముందు గ్రహించినట్టున్నారు.

కట్ట మీద బెంచీలు లేవని అబద్ధం చెప్పను. ఉన్నాయి. సాయంత్రమైతే ఒక్కో బెంచీకి ఒక్కో ప్రేమ జంట కాపలా ఉంటుంది. వాళ్ళకి మాత్రం ఇంకెక్కడ చోటుంది పాపం! బాబాయి మొహమాటపడుతూనే ఒక బెంచీ చివర కూర్చోబోయాడు. ఆ మొహంలో ఇంకా మాస్టారి కళ పోలేదు కాబోలు, కుర్రాడు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. అమ్మాయి అతన్ని చూసిన చూపుకి ఆ పెళ్ళి ఇక జరుగుతుందో లేదో చెప్పలేను.

గోల్కొండ కథ క్లుప్తంగా చెబుతాను. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిస్సార్‌కు వినిపిస్తుందని గైడు చెప్పగానే బాబాయి ఆ చప్పట్లేవో తాను కొడతానని, మెట్లేవో నన్ను ఎక్కమని పని పంచేశాడు. మూడొందల పైచిలుకు మెట్లు ఎక్కి నిలబడ్డాను. కింది నుంచి చప్పట్లు వినిపించాయి. దిగి రమ్మని అర్థం. కింద సామాన్యుడు చేసిన చప్పుడు పైనున్న ఏలికకు వినపడే కట్టడం కుతుబ్‌షాహీల తర్వాత ఏ ప్రభుత్వమూ కట్టినట్టు లేదు. టెండర్లు పిలిచినట్టు కూడా లేదు.

చార్మినార్ సంగతి చెప్పడానికేం లేదు. 1591 నుంచీ నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. దాని ముందు రెండు కాళ్ళవాడు అలిసిపోయానంటే బాగుండదు. పైగా లాడ్ బజార్‌లో మనం నడవనక్కర్లేదు, వెనకవాళ్ళే తోసుకుపోతారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా పాలరాతి ముసుగు వేసుకుని నిలబడే ఉంది. "ఈ అమ్మాయికీ కుర్చీ వెయ్యలేదట్రా?" అన్నాడు బాబాయి. కానీ అదే మ్యూజియంలో గడియారం ముందు మాకు ఊరట దొరికింది. కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారం. గంట కొట్టే వేళకి జనమంతా దాని ముందు చేరి కూర్చుంటారు. ఒక చిన్న మనిషి బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి, మళ్ళీ లోపలికి పోతుంది. పన్నెండింటికి జనం ఎక్కువ, దెబ్బలూ ఎక్కువ గనుక. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియో తీశారు.

బాబాయి మాత్రం ఆ బొమ్మను చూడలేదు. అదే గడియారంలో ఒక కమ్మరివాడు ఉంటాడు, సెకనుకో దెబ్బ చొప్పున కొడుతూనే ఉంటాడు. వాణ్ణే చూస్తూ కూర్చుని, నోటిలెక్క వేసి చెప్పాడు.

"వీడు రోజుకు 86,400 దెబ్బలు కొడుతున్నాడు. ఆ తలుపు తీసుకుని వచ్చినాయన రోజంతా కలిపి కొట్టేది 156. అవి కొట్టడానికి ఆయనకో గది, ఆ గదికో తలుపు."

"ఆయన రెగ్యులర్ బాబాయ్. ఈ కమ్మరివాడు కాంట్రాక్టు" అన్నాను.

"మరి వీడి ఫోటో ఒక్కరూ తియ్యరేం?"

నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వ కార్యాలయాల పనితీరు మీద ఇంత సూక్ష్మమైన నమూనా ఈ ఊళ్ళో ఉండగా ఇన్ని పాలనా సంస్కరణల సంఘాలు ఎందుకు వేశారో కూడా తెలియదు.

ఒకప్పుడు ఈ ఊళ్ళో కూర్చోవడానికి ఒక వ్యవస్థే ఉండేది. దాని పేరు ఇరానీ హోటల్. పాలరాతి బల్ల, చెక్క కుర్చీ, ఒక చాయ్, ఒక ఉస్మానియా బిస్కెట్. ఆ మాత్రం కప్పం కడితే మధ్యాహ్నమంతా మనది. అబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉన్న రోజుల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటివాళ్ళు అక్కడ కూర్చునే కవిత్వమూ విప్లవమూ మాట్లాడుకున్నారు. ఆ హోటల్ ఇప్పుడు లేదు. మిగిలినవి కూడా ఒక్కొక్కటే సెల్‌ఫోన్ దుకాణాలుగానో మందుల షాపులుగానో పునర్జన్మ ఎత్తుతున్నాయి. కొత్తగా వచ్చిన టీ కొట్లలో బల్లలు ఛాతీ ఎత్తున ఉంటాయి, కుర్చీలుండవు. నిలబడినవాడు త్వరగా తాగి వెళ్ళిపోతాడని యజమాని లెక్క. లెక్క సరైనదే. నిలబడి ఎంతసేపని విప్లవం మాట్లాడతాం? ఈఎంఐల గురించైతే మాట్లాడుకోవచ్చు, అవి ఎలాగూ నిలబెట్టే మాట్లాడిస్తాయి.

పోనీ ఏ దుకాణం మెట్టు మీదనో గోడ అంచు మీదనో చతికిలబడదామంటే, ఆ గట్ల మీద వరసగా ఇనుప మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. మేకులు లేనిచోట పూలకుండీలు. వీధి అరుగు ఉన్న ఊరి నుంచి వచ్చినవాడికి ఇదెలా వివరించాలో తెలియక, పచ్చదనం పెంచుతున్నారు బాబాయ్ అన్నాను.

చివరికి నగరం నడిబొడ్డున కేవలం కూర్చోవడానికని కేటాయించిన చోటు ఒకటుందని గుర్తొచ్చింది. ఇందిరా పార్కు పక్కన ధర్నా చౌక్. షామియానా ఉంటుంది, పట్టాలు పరిచి ఉంటాయి, మంచినీళ్ళు ఇస్తారు. కావలసిందల్లా పోలీసువారి అనుమతీ, ఒక డిమాండూ. దీనికి చరిత్ర కూడా ఉంది. 2017లో సర్కారుకి జనం ఇక్కడ కూర్చోవడం నచ్చక, కూర్చోదలిస్తే ఊరి శివార్లకు పొమ్మంది. 2018లో హైకోర్టు కలగజేసుకుని ఇక్కడే కూర్చోవచ్చంది. 2021 నవంబరులో ధాన్యం కొనుగోలు మీద కేంద్రంతో పేచీ వచ్చినప్పుడు, వద్దన్న ఆ ముఖ్యమంత్రిగారే మంత్రుల్ని వెంటబెట్టుకుని ఇక్కడికే వచ్చి కూర్చున్నారు. కుర్చీలో ఉన్నంతసేపూ నేల మీద కూర్చునేవాళ్ళు కంటికి ఆనరు. ఆ కుర్చీకే ఎక్కడో నొప్పి పుడితే నేల ఎంత సుఖమో తెలుస్తుంది. బాబాయి ఆ షామియానా కింద గంటసేపు హాయిగా కూర్చున్నాడు. ఎవరో చేతిలో అట్ట పెట్టారు. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "న్యాయంగానే ఉంది" అని పైకెత్తి పట్టుకున్నాడు.

మిగతావి టూకీగా. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కొత్త సినిమాకు వెళితే టికెట్టు మీద సీటు నంబరైతే ఉంది గానీ, అది పాదాలు మోపడానికని అభిమానుల అవగాహన. చిలుకూరు బాలాజీ దగ్గర మొదటిసారి పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూట ఎనిమిది. వీసా కోరి వచ్చినవాళ్ళకి అమెరికాలో ఎంత నడవాల్సి ఉంటుందో స్వామివారు ఇక్కడే అలవాటు చేసి పంపిస్తారు. రవీంద్రభారతిలో మెత్తటి సీట్లున్నాయి, ఏసీ ఉంది, సన్మాన సభలకు టికెట్టు కూడా ఉండదు. అయితే మేం వెళ్ళిన సభలో వేదిక మీద పద్నాలుగుమంది, కింద మాతో కలిపి తొమ్మిదిమంది. మధ్యలో లేచి వెళ్ళడానికి మనసొప్పలేదు.

పశ్చిమాన ఒక పెద్ద మాల్‌కి కూడా తీసుకెళ్ళాను. పేరెందుకు లెండి. అంత చలువరాతి నేలలో తీరిగ్గా కూర్చోదగ్గ కుర్చీల వరస ఒక్కటే కనిపించింది, నల్లగా, మెత్తగా. బాబాయి మురిసిపోయి అందులో ఒరిగాడు. వెంటనే కుర్చీ లోపల్నుంచి ఒక ఆడగొంతు డబ్బు చెల్లించమని ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా అడిగింది. ఆయన కంగారుగా లేచి, కుర్చీకి నమస్కారం పెట్టి, "తెలియక కూర్చున్నానమ్మా" అన్నాడు. మసాజ్ కుర్చీ అని చెప్పేదాకా అందులో ఎవరున్నారోనని చూస్తూనే ఉన్నాడు.

2018 ఆగస్టు 9న ఐకియా దుకాణం తెరిచినప్పుడు మొదటిరోజే సుమారు నలభై వేలమంది ఎగబడ్డారు. కుర్చీల కొట్టుకు ఇంత తొక్కిసలాట ఏమిటని అప్పట్లో నేనూ వెటకారంగా రాశాను. బాబాయితో ఊరు తిరిగాక తెలిసింది, వాళ్ళు కొనడానికి వచ్చినవాళ్ళు కారు, కూర్చోడానికి వచ్చినవాళ్ళు. ఇప్పటికీ అక్కడ అలంకరించి పెట్టిన హాళ్ళలో కుటుంబాలకు కుటుంబాలు సోఫాల మీద చేరబడి, చప్పుడు చెయ్యని టీవీ వైపు చూస్తూ, పెళ్ళివారింటికి ఒకరోజు ముందే వచ్చేసిన చుట్టాల్లా కనిపిస్తాయి.

అయితే ఇవేవీ హైదరాబాదీ సొంత వినోదాలు కావు. చుట్టాలొస్తే తప్ప మనలో ఎవరం గోల్కొండ ఎక్కుతాం? ఆదివారం వచ్చిందంటే నగరవాసి అసలైన విహారయాత్ర ప్లాటు చూడ్డం. వాడుకలో సైట్ విజిట్. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వేసింది రాకపోకల కోసమని కొందరు అమాయకులు నమ్ముతారు. వెంచర్లను వెదుక్కుంటూ వెళ్ళడానికి దానికన్నా మంచి దారి లేదు. ఏసీ కారు ఇంటిముందుకే వస్తుంది. దారి పొడుగునా కుర్రాడు మనకు భవిష్యత్తు చూపిస్తూ ఉంటాడు. ఇక్కడ మెట్రో వస్తుంది, అక్కడ ఫార్మా వస్తుంది, ఎయిర్‌పోర్టుకి ఇరవై నిమిషాలు. ఏ వేళప్పుడు, ఎవరు నడిపితే అని అడగకూడదు. మధ్యాహ్నం భోజనం ఉచితం, తిరిగి ఇంటి దగ్గర దింపడం ఉచితం. కొందరు రిటైర్డ్ ఉద్యోగులు ఏళ్ళ తరబడి ఆదివారం వంట మానేసి ఒక్క గజం కూడా కొనకుండా నెట్టుకొస్తున్నారని విన్నాను. వాళ్ళకు పద్మ పురస్కారం సిఫార్సు చేస్తున్నాను.

నేనూ బాబాయిని అలా తీసుకెళ్ళాను. ఎర్రమట్టి నేల మీద తెల్లరాళ్ళు పాతి ఉన్నాయి. మధ్యలో ఒక కమాను, దాని పక్కన షామియానా. మేం కారు దిగామో లేదో టై కట్టుకున్న కుర్రాడు పరిగెత్తుకొచ్చి, బాబాయి చెయ్యి పట్టుకుని, "ముందు కూర్చోండి అంకుల్" అన్నాడు. నగరానికి వచ్చాక ఆ మాట ఆయనతో అన్న మొదటి మనిషి. వెల్వెట్ గుడ్డ తొడిగిన కుర్చీ వేశాడు, ఫ్యాను ఇటు తిప్పాడు, కొబ్బరిబొండాం తెప్పించాడు. బాబాయి కాళ్ళు చాపి, కళ్ళు మూసుకుని, చాలాసేపు మాట్లాడలేదు. కుర్రాడు హెచ్‌ఎండీఏ అప్రూవల్ గురించి, రెరా గురించి, నూరుశాతం వాస్తు గురించి, ఈ రోజే అడ్వాన్సు ఇస్తే దొరికే వెండి నాణెం గురించి చెబుతున్నాడు.

"గజం ఎంతన్నావ్ బాబూ?"

కుర్రాడు చెప్పాడు. బాబాయి వంగి, కుర్చీ వెడల్పు జానతో కొలిచాడు.

"ఒక గజంలో కుర్చీ పడుతుంది. కాళ్ళు చాపుకోడానికి ఇంకో గజం. రెండు గజాలు రాసుకో."

"అంకుల్, మినిమం నూట యాభై గజాలండీ."

"తక్కిన నూట నలభై ఎనిమిదిలో ఎవరు కూర్చుంటారు?"

"అబ్బే, ఎవరూ కూర్చోరండీ" అన్నాడు కుర్రాడు నొచ్చుకుంటూ. "ఇది ఇన్వెస్ట్‌మెంటు."