పక్కవాళ్ల నోరు చూసి

నాకు సంగీతం వచ్చునన్న గర్వంతో, దేవుడి ముందు పాడుకుంటున్న ఒక పెద్దాయన నోరు మూయించాను. ఇది తెలివితక్కువతనమే కాదు, అపచారం కూడా.

మా ఊరు జంషెడ్‌పూర్. ఇక్కడి కర్మాగారంలో 1912లో ఉక్కు తయారీ మొదలైంది. అక్కడికి పనికోసం వచ్చిన తెలుగువాళ్లలో ఉత్తరాంధ్రవాళ్లు చాలామంది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఈ ఊళ్లో తెలుగువాళ్ల గుడి. హిందీ, బెంగాలీ, ఒడియా మాటల మధ్య మా పిల్లల తెలుగు పల్చబడినా, రామదాసు కీర్తన ఎత్తుకుంటే మాత్రం తడుముకోరు.

ఈ ఊళ్లోనే కద్మాలో మా వీధివాళ్లం వంతులవారీగా ఇళ్లలో భజన పెట్టుకుంటాం. షిఫ్టు దిగి, స్నానం చేసి వచ్చేవాళ్లు వస్తారు. ఆ పెద్దాయన తాళాలు వేస్తూ గొంతెత్తి పాడేవారు. శ్రుతి కలిసేది కాదు, పల్లవి ఒక అడుగు ఆలస్యంగా అందుకునేవారు. "తాతగారూ, మీరు తాళం వేయండి చాలు, పాట మేం చూసుకుంటాం" అన్నాను. ఆయన తలూపారు. ఆ తర్వాత వెనక వరుసవాళ్లు కూడా ఒక్కొక్కరే గొంతు తగ్గించేశారు. భజన కచేరీలా కుదిరిందని సంతోషించాను.

ఇదంతా త్యాగరాజస్వామి (1767–1847) పేరు చెప్పుకునే చేశాను. పంచరత్నాలు కూర్చిన ఆయనే దివ్యనామ కీర్తనలూ కూర్చారు. వాటిలో చాలావాటికి చరణాలన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. ఒకరు అందిస్తే పదిమందీ అందుకోవడానికే ఆ కట్టుబడి. ఉత్సవ సంప్రదాయ కీర్తనలైతే స్వామిని మేలుకొలపడం, ఆరగింపు చేయించడం, పవళింపజేయడం. ఇంట్లో మనిషికి చేసే సేవలే. అంతటి విద్వాంసుడూ ఉంఛవృత్తికి వీధుల్లో పాడుతూ తిరిగారు. ఇవన్నీ నా శిష్యులకు పాఠంగా చెప్పినదాన్నే. భక్తి లేని సంగీత జ్ఞానం సన్మార్గం కాదనే ఆయన ధన్యాసి కృతిని సంగతులన్నీ వేసి పాడేదాన్ని.

శ్రీరామనవమి ముందు ఒక భజనలో పానకం అందిస్తూ గమనించాను. పాట నడుస్తున్నంతసేపూ ఆయన పెదవి కూడా కదపలేదు, కళ్లు తాళాల మీదే ఉన్నాయి. ఎందుకు తాతగారూ అని అడిగాను.

"నాకు సరిగా ఇనబడదమ్మా. పక్కోల నోరు సూసి పాడుకునేవోణ్ని. నువ్వు సెప్పినాక సూడ్డం మానేసినాను."

పాఠం చెప్పేచోట శ్రుతి విషయంలో నేనిప్పటికీ రాజీపడను. కానీ భజనలో ఆయన పాడవచ్చునో లేదో తేల్చడానికి నేనెవరిని? ఆరోజే క్షమించమని అడిగాను. ఇప్పుడు ఆయనకు ఎదురుగా కూర్చుని, మాట తెలిసేలా నోరు విప్పి పాడుతున్నాను. ఆయన పల్లవి ముగించాకే చరణం ఎత్తుకుంటున్నాం. వెనక వరుసలో కొందరు మాత్రం ఇంకా గొంతు విప్పడం లేదు. వాళ్లను ఏమని అడగాలో నాకు తోచడం లేదు.