కార్డు మీద రాయడమంటే మీట నొక్కడం కాదు

మా రోజుల్లో ఫైలు చేతికొచ్చిందంటే దానికో విలువుండేది. హైదరాబాదులో డయలప్ లైను మీద లైనక్స్ మొత్తం దించుకోవడం అయ్యే పని కాదు. 1990ల్లో పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చే సీడీ కోసం కాచుక్కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఇక్కడ ఐర్లండ్‌లోని స్వోర్డ్స్‌లో మన పిల్లలు టీ చల్లారేలోపు రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌కు కావలసిన ఇమేజ్ దించేస్తున్నారు. దించనీ, సంతోషమే. ఆ తర్వాతి పనే నాకు మింగుడుపడదు. దాన్ని ఎస్‌డీ కార్డు మీద రాసిపెట్టే ఇమేజర్ తెరవడం, నాలుగు చోట్ల నొక్కడం, లేచిపోవడం. "ఏం రాసిందిరా అది? ఎక్కడ రాసింది?" అంటే, "అదే చూసుకుంటుంది తాతయ్యా" అంటారు.

మాకు అలా చూసిపెట్టేవాళ్లు లేరు. దించిన ఫైలు మీద ముందు ఎండీ5సమ్, తర్వాతి కాలంలో షా256సమ్ కొట్టి, వచ్చిన అక్షరాల వరసను సైటులో ఇచ్చినదానితో సరిచూసేవాళ్లం. ఒక్క బిట్ చెడినా ఆ వరస కలవదు. ఆ పైన డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే: కార్డు పెట్టకముందోసారి, పెట్టాకోసారి. కొత్తగా కనబడిందే మన కార్డు. సైజు కూడా చూసి ఖాయం చేసుకోవాలి. మౌంటయిన భాగాలుంటే యూమౌంట్ చేయాలి. అప్పుడు డీడీ.

డీడీ అంటే నాకిప్పటికీ గౌరవమే. 1970ల నాటి యూనిక్స్ కమాండ్ అది. ఐఎఫ్ అంటే ఎక్కణ్ణుంచి, ఓఎఫ్ అంటే ఎక్కడికి. మళ్లీ అడగదు. ఓఎఫ్ దగ్గర కార్డు పేరు ఎస్‌డీబీ బదులు హార్డ్‌డిస్క్ పేరు ఎస్‌డీఏ పడితే దాని మీదే రాసుకుంటూ పోతుంది. అందుకే ఎంటర్ కొట్టేముందు ఆ ఒక్క అక్షరాన్ని మళ్లీ మళ్లీ చదివేవాళ్లం. ఎంతవరకు రాసిందో కూడా చెప్పేది కాదు. 2015లో స్టేటస్=ప్రోగ్రెస్ వచ్చేదాకా, ఇంకో టెర్మినల్ తెరిచి యూఎస్ఆర్1 సిగ్నల్ పంపితేనే లెక్క చెప్పేది. చివర సింక్. మెమరీలో ఆగిన డేటా అంతా కార్డుకు చేరాకే దాన్ని బయటికి తీయాలి.

ఇమేజ్ ఫైలును ఫోల్డర్లో వేసినట్టు కార్డులో వేస్తే రాస్ప్‌బెరీ పై ఎందుకు బూట్ కాదో ఈ కుర్రాళ్లలో ఎందరు చెప్పగలరు? అది కార్డులో దాచుకునే ఫైలు కాదు, కార్డు మొత్తానికీ నకలు. పార్టిషన్ టేబుల్ కూడా అందులోనే, మొదటి సెక్టార్లో ఉంటుంది. అందుకే ఎస్‌డీబీ1 అనే ఒక భాగం మీద కాదు, మొత్తం ఎస్‌డీబీ మీదే రాయాలి. ఈ ఒక్క సంగతి తెలిస్తే డిస్కంటే ఏమిటో సగం తెలిసినట్టే.

2020లో వచ్చిన ఇమేజర్ చెడ్డదని అనను. రాశాక సరిచూస్తుంది కూడా. కానీ పిల్లలకు ఉచితంగా కోడింగ్ నేర్పే కోడర్‌డోజో 2011లో పుట్టింది ఈ దేశంలోనే, కార్క్‌లో. 2017లో అది రాస్ప్‌బెరీ పై ఫౌండేషన్‌తో కలిసింది. ఇలాంటి చోట పెరుగుతూ మన పిల్లలు మీట నొక్కడం దగ్గరే ఆగిపోతే నాకు బాధగా ఉంటుంది.

స్వోర్డ్స్‌లోని తెలుగు అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే. మొదటి కార్డు మాత్రం టెర్మినల్లోనే రాయించండి. రాస్ప్‌బెరీ పై ఓఎస్ లైట్‌కు పాత 8 జీబీ కార్డు చాలు. పక్కన కూర్చోండి. ఓఎఫ్ దగ్గర ఏ పేరు రాయాలో వాళ్లనే కనుక్కోనివ్వండి, అది సరైనదేనని మీరూ చూశాకే ఎంటర్ కొట్టనివ్వండి.