కింది వాటా, పై వాటా

పొందూరులో నా చిన్ననాటి స్నేహితుడి ఇంటి పంపకాల కాగితం చాలా జాగ్రత్తగా రాసిన కాగితం. గదుల కొలతలున్నాయి, నూతి మీద హక్కుంది, మెట్లు ఎవరు వాడుకోవాలో ఉంది, దొడ్డి గుమ్మం తాళం ఎవరి దగ్గరుండాలో కూడా ఉంది. పై వాటాకి నేలగా, కింది వాటాకి కప్పుగా ఉన్న శ్లాబు పాడైతే బాగు చేయించాల్సింది ఎవరో మాత్రం లేదు. తొమ్మిదేళ్ళ గొడవ అక్కడే మొదలైంది.

నా స్నేహితుడే అన్న. అతను కింద, తమ్ముడు పైన. స్థలం తండ్రి నుంచి ఇద్దరికీ వచ్చింది. కింది అంతస్తు ఆయన కట్టించినదే. 2013లో తమ్ముడు బ్యాంకులో అప్పు తీసుకుని మేడ వేసుకున్నాడు. అతను ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. వెనక సగం గదులు కట్టి, ముందు సగం డాబాగా వదిలేశాడు. స్థలంలో అన్నకీ భాగం ఉంది కాబట్టి బ్యాంకు వాళ్ళు అన్న సంతకం కూడా కావాలన్నారు. అన్న వెళ్ళి, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చాడు. తన ఖాతా పుస్తకం జెరాక్సు అడిగితే అదీ ఇచ్చాడు. "తమ్ముడి మేడ లెగుస్తుంటే నాను సంతకం ఎట్టకపోతే ఇంకెవుడెడతాడు?" అన్నాడట ఆ రోజు.

అన్న భార్య నూలు వడుకుతుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, ఎండిన అరటి దొప్పలో దాచుకుని, నూరో నంబరు నూలు తీసే చేతులు ఈ ఊళ్ళో ఇంకా మిగిలే ఉన్నాయి. వాటిలో ఆమె చేతులూ ఉన్నాయి. ముందు గదిలో, వీధి వెలుతురు పడే చోట ఆమె రాట్నం. సరిగ్గా దాని పైనే తమ్ముడి డాబా.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ గాలి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనీ వదల్లేదు. మేడ మీది నీళ్ళ ట్యాంకు దిమ్మతో సహా పెళ్ళగిలి ముందు డాబా మీద పడింది. పిట్టగోడ ఒక పక్క కూలింది. ట్యాంకు పడిన చోట శ్లాబు పగిలింది. తెగిన గొట్టంలోంచి, పైనుంచి కురిసే వానలోంచి వచ్చిన నీళ్ళన్నీ ఆ పగులు వెతుక్కుని ముందు గదిలోకి దిగాయి. రాట్నం తడిసింది, ఏకులు ముద్దయ్యాయి, గోడలోని కరెంటు వైరింగు కాలిపోయింది.

తాపీమేస్త్రి చూసి అరవై వేలు అవుతుందన్నాడు. పగిలిన మేరకు కొట్టేసి, చువ్వలు శుభ్రం చేసి, మళ్ళీ కాంక్రీటు పోసి, పైన నీళ్ళు దిగని పూత వేయాలి.

"ట్యాంకు నీది," అన్నాడు అన్న.

"గాలికి పడితే నానేటి సేసేది అన్నియ్యా? డాబా నీకు కప్పు. ఎవరి వాటాకి ఆళ్ళే కట్టుకోవాల," అన్నాడు తమ్ముడు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే అది తెగలేదు. తప్పు ఒక్కడిదే అయితే ఊళ్ళో పెద్దలు గంటలో తేల్చేవాళ్ళు. చివరికి అన్న తన దగ్గరున్నదాంతో పగులు మీద సిమెంటు పాలు పోయించాడు. అది ఒక్క వానాకాలం ఆగింది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది, 2021 సెప్టెంబరులో గులాబ్ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పగులు ఇంకొంచెం పెరిగింది. నీరు చువ్వలకి చేరితే తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఉబ్బిన చువ్వ చుట్టూ ఉన్న కాంక్రీటుని పెచ్చులుగా ఊడగొడుతుంది. అరవై వేల పని నాలుగు లక్షల పని అయింది. ఈలోగా అన్నదమ్ములు మాటలు మానేశారు. అన్న భార్య రాట్నం వంటింటి మూలకి మారింది. అక్కడ వెలుతురు చాలదు. సన్న పోగు తీసేవాళ్ళకి వెలుతురు లేకపోతే సగం చెయ్యి పోయినట్టే.

ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగి నేను పొందూరు చేరేసరికి 2022. జనరల్ ఇన్సూరెన్సు ఆఫీసులో చేశాను కనక ఇళ్ళ గొడవలంటే ఒక కన్ను అటు పడుతుంది. అపార్ట్‌మెంట్లలో ఇలాంటి తగువు రాకూడదనే మన రాష్ట్రంలో 1987లోనే చట్టం చేశారు. పై కప్పు, పునాది, బయటి గోడలు, మెట్లు అందరివీ. వాటి బాగోగులు సంఘానివి. కొత్తగా కట్టినవాటికి 2016 నాటి రెరా చట్టం ఇంకోటి చేర్చింది: స్వాధీనం చేసిన అయిదేళ్ళలోగా నిర్మాణంలో లోపం బయటపడితే బిల్డరే తన ఖర్చుతో సరిచేయాలి. అయినా పై అంతస్తు వాళ్ళు కప్పు కారుతోందని మొత్తుకుంటే, "మాకు కారట్లేదు కదా" అనే కింది అంతస్తుల వాళ్ళని ఎంతమందిని చూశానో. చట్టం ఉన్నచోటే అలా ఉంటే, అన్నదమ్ముల మేడకి దిక్కెవరు?

మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. అక్కడ ఫ్లాటుని చాలామంది లీజు మీదే కొంటారు, నూట పాతికేళ్ళకో తొంభై తొమ్మిదేళ్ళకో. భవనం మొత్తానికి బీమా సాధారణంగా భూయజమాని చేయిస్తాడు. ఖర్చు ఫ్లాట్ల వాళ్ళు ఏటా పంచుకుని కడతారు. ఒకసారి పైవాళ్ళ స్నానాలగదిలోంచి మా అమ్మాయి వాళ్ళ వంటింట్లోకి నీళ్ళు కారితే పైవాళ్ళతో కొట్లాడలేదు. ఒకటే పాలసీ, దాని మీదే క్లెయిము. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో వెతకడానికి నేల తవ్విన ఖర్చు కూడా అందులోనే వచ్చింది. అక్కడా సుఖంగా ఏమీ లేరు. 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఫ్లాట్ల భవనం తగలబడ్డాక ప్రీమియాలు పెరిగి చాలామంది నలిగిపోయారు. కానీ మా అమ్మాయి ఒక పని చేసింది, అది నాకు చాలా నచ్చింది. భూయజమానికి ఉత్తరం రాసి పాలసీ వివరాలు తెప్పించుకుని చదివింది. అడిగితే ఇచ్చి తీరాలని 1985 నాటి చట్టంలో ఉందట. మన పేరు మీద, మన డబ్బుతో నడిచే కాగితాన్ని అడిగి చదవడం కంటే పెద్ద జాగ్రత్త ఇంకోటి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ నమ్మకంతోనే ఒకరోజు స్నేహితుణ్ణి అడిగాను. "ఒరే, ఇంటికి బీమా ఏదైనా ఉందా?"

"మాకెక్కడిదిరా బీమా! కారుకీ మోటారు సైకిలుకీ అయితే సేయిస్తారు," అన్నాడు.

తమ్ముణ్ణీ అడిగాను. "కిస్తీ కట్టడమే కనాకష్టం మాస్టారూ," అన్నాడు.

2023 చివర్లో ఇల్లు అమ్మేద్దామనుకున్నారు. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. పాలకొండ వైపు నుంచి బేరం వచ్చింది. కొనేవాడు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటాడు కాబట్టి శ్లాబు సంగతి అడగలేదు, స్థలానికే వెల కట్టాడు. అతనిచ్చిన బయానాతో తమ్ముడు మిగిలిన అప్పు తీర్చేశాడు. అప్పు తీరాక ముప్పై రోజుల్లో ఆస్తి కాగితాలు తిరిగి ఇచ్చేయాలని రిజర్వు బ్యాంకు ఆ డిసెంబరు నుంచే నిబంధన పెట్టింది. జనవరిలో కవరు చేతికొచ్చింది. రిజిస్ట్రేషన్‌కి ముందు కాగితాలన్నీ ఉన్నాయో లేదో చూడమని ఇద్దరూ నన్ను పిలిచారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఒకే గదిలో కూచున్నారు, ఆ పెచ్చులూడిన ముందు గదిలోనే. అన్న భార్య అందరికీ టీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

దస్తావేజులు, ఈసీ, ప్లాను. వాటి అడుగున పిన్ను కొట్టిన కాగితాల కట్ట. మొదటిది చూడగానే గుర్తుపట్టాను. ముప్పై ఏళ్ళు అలాంటివి నా చేతుల మీదుగానే వెళ్ళాయి. అగ్ని, ప్రత్యేక ప్రమాదాల పాలసీ, 2013 జూన్. దాని వెనక 2014ది, 2015ది. ఒక్క ఏడాదీ తప్పలేదు. 2021 జూన్ నుంచి భారత్ గృహ రక్ష, బీమా నియంత్రణ సంస్థ ఆ ఏప్రిల్‌లో తెచ్చిన కొత్త పాలసీ. బ్యాంకు తన అప్పు భద్రం కోసం చేయించి దాచుకుంది.

"బీమా పొందినవారు" అన్న చోట అన్న పేరు, పక్కనే తమ్ముడి పేరు. "ఆస్తి" అన్న చోట రెండంతస్తుల భవనం, కింది వాటా, పై వాటా కలిపి. ప్రమాదాల్లో తుపాను ఉంది, పెనుగాలి ఉంది, నీళ్ళ ట్యాంకులూ గొట్టాలూ పగలడం కూడా ఉంది.

"అంటే హుద్‌హుద్‌కి..." అన్నాడు తమ్ముడు.

"వచ్చేది. ఏళ్ళ తరబడి ఊరే చెమ్మకి బీమా ఇవ్వరు. తుపాను విరగ్గొట్టినదానికి ఇస్తారు. ఆ పగులు అప్పుడే పూడ్చి ఉంటే ఈ చెమ్మే లేదు. తిత్లీకీ, గులాబ్‌కీ కూడా పాలసీ నడుస్తూనే ఉంది."

"ఇప్పుడు పెట్టుకుంటే?"

ఆ పాత పాలసీలో నష్టం జరిగిన పన్నెండు నెలల తర్వాత కంపెనీకి బాధ్యత లేదని షరతుంది. పెద్ద నష్టమైతే సర్వేయరు వచ్చి కళ్ళారా చూడాలి. కొత్త పాలసీలోనూ నష్టం కనబడగానే చెప్పాలి. ఇప్పుడు వచ్చి చూసేవాడికి ఏది తుపాను పనో, ఏది తొమ్మిదేళ్ళ చెమ్మ పనో ఎలా తెలుస్తుంది? చెప్పాను. అన్న గోడ వైపు చూస్తూ కూచున్నాడు.

తమ్ముడు లెక్కల మాస్టారు. కాగితాలు తీసుకుని ఒక్కొక్కటీ చూశాడు. "నా కిస్తీ ఇన్నేళ్ళూ ఒకటే మొత్తం. అందులో ఈ ప్రీమియం లేదు. నా ఖాతాలోంచి కిస్తీ తప్ప ఇంకేమీ పోలేదు, నాకు పైసాతో సహా తెలుసు. మరి ఇదెవరు కట్టారు?"

ప్రతి పాలసీ కింద, డబ్బు తీసుకున్న ఖాతా చివరి నాలుగంకెలు ఉన్నాయి. అతనివి కావు. నేను అన్న భార్య వైపు చూశాను. "చెల్లెమ్మా, నీ బ్యాంకు పుస్తకం ఒకసారి తీసుకురా."

భార్యాభర్తలిద్దరి పేరా ఉన్న ఖాతా అది. వడుకు కూలి పడేది అందులోనే. పుస్తకం తిరగేశాను. ఏటా జూన్‌లో ఒక వరస, వెయ్యి పైచిలుకు. పక్కన ఇంగ్లీషులో మూడు పొట్టి అక్షరాలు.

"అయి బ్యాంకోళ్ళ ఖర్చులనుకున్నాం అన్నియ్యా," అంది. "ఏటా పోతన్నాయి, అడిగితే ఏటంటారో అని ఊరుకున్నాం."

తమ్ముడు తలెత్తలేదు. ఆమె పాలసీ కాగితం మీది రెండు పేర్లనీ వేలితో తాకి చూసింది.

"అంటే సిన్నోడి మేడకి కూడా నా వడుకు డబ్బులే కట్టీసినానా, ఇన్నేళ్ళూ?"

"కట్టావమ్మా. పోయిన జూన్‌లో కూడా."