కారవాన్‌లో బొమ్మ రాకుండా చూసుకోవడం ఎలా?

కారవాన్ కొన్నారా? శుభం. శుక్రవారం సాయంత్రం మోటర్‌వే ట్రాఫిక్‌లో ఈదుకుంటూ సైటుకి చేరి, కారు నుంచి బండిని విడదీసి, నాలుగు కాళ్ళూ దించి, కరెంటు కేబుల్ తగిలించి, పులిహోర డబ్బా మూత తీసేసరికి పిల్లలు టీవీ పెట్టమంటారు. బొమ్మ రాదు. అనుభవమున్నవాళ్ళు ఇలాంటప్పుడు అయిదు నిమిషాల్లో లోపం పట్టేసి, ఆ తర్వాత వేరే పనిలేక రాత్రిదాకా క్విజ్ కార్యక్రమాలు చూస్తూ కూర్చుంటారు. మీకా గతి పట్టకుండా, వారాంతం మొత్తం యాంటెన్నాతోనే గడవాలంటే ఈ పద్ధతులు పాటించండి. బ్రిటన్‌లో కారవాన్లు లాక్కుంటూ తిరిగే తెలుగు కుటుంబాల కోసం రాసినవే గానీ, ఎవరికైనా పనిచేస్తాయి.

మొట్టమొదట అనుమానించాల్సింది ఆకాశాన్ని. చేతికందే వస్తువును ముందు చూడనే కూడదు. టీవీ వెనక పిన్ను ఊడి వేలాడుతున్నా సరే, మీ దృష్టి ఎక్కడో కొండ మీదున్న టవరు మీదే ఉండాలి. యార్క్‌షైర్‌లో ఎమ్లీ మూర్ దగ్గరుండే ఇనప మాస్టు 1969 మార్చిలో మంచు పేరుకుని కూలిపోయింది. దాని స్థానంలో లేపిన కాంక్రీటు స్తంభం అర్ధశతాబ్దం దాటినా చెక్కుచెదరలేదు. అయితేనేం, ఒకసారి కూలినచోట రెండోసారి కూలదని ఎవరు రాసిచ్చారు? ఆ మాటే గట్టిగా అనండి. ఆడలేక మద్దెల ఓడనే హక్కు మనకు తాతల నాటి నుంచీ ఉంది.

తర్వాతిది యాంటెన్నా తిప్పుడు. టూరింగ్ కారవాన్లలో చాలావాటికి కప్పు మీద చిన్న మాస్టు, దానికో యాంటెన్నా ఉంటాయి. మాస్టు కింది కొస బట్టల అలమరలోకి దిగి ఉంటుంది. బిగింపు వదులు చేసి, పైకి తోసి, చేత్తో తిప్పాలి. అంటే ఇంటాయన తల హ్యాంగర్ల మధ్య, ఇంటావిడ కళ్ళు టీవీ మీద.

“వచ్చిందా?”

“లేదండీ.”

“ఇప్పుడు?”

“ఊఁహూఁ... ఆఁ, వచ్చింది, వచ్చింది! అయ్యో, పోయింది. ఏం చేశారు?”

“నేనేం చేశాను? నువ్వే లేటుగా చెప్పావు!”

నిజానికి లేటు ఆవిడది కాదు, టీవీది. డిజిటల్ సిగ్నలు అందాక బొమ్మ కట్టడానికి దానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆవిడ ‘వచ్చింది’ అనేలోపు ఆయన ఆ దిక్కు దాటేసి ఉంటాడు. కొంచెం తిప్పి, ఆగి, అయిదారు సెకన్లు చూసి, మళ్ళీ కొంచెం తిప్పితే ఒక్క చుట్టులో పనైపోతుంది. కాబట్టి అలా చేయకండి. 1987లో ఆదివారం పొద్దున రామాయణం కోసం డాబా ఎక్కి ఎలా తిప్పారో ఇక్కడా అలాగే ఆపకుండా తిప్పండి. ఆనాటి అనలాగ్ బొమ్మ చీమలు పాకుతున్నా కనిపించేది, ఒక్కోసారి ఇద్దరు రాములు కూడా కనిపించేవారు. ఎటు తిప్పితే మెరుగో కంటికి తెలిసేది. బ్రిటన్‌లో 2012 అక్టోబరుకల్లా ఆ ప్రసారాలన్నీ కట్టేశారు. ఇప్పటి బొమ్మ ఉంటే శుభ్రంగా ఉంటుంది, సిగ్నలు తగ్గితే గళ్ళు గళ్ళుగా బిగుసుకుపోతుంది, ఇంకాస్త తగ్గితే అసలుండదు. ఈ సంగతి మీకెవరూ చెప్పలేదనుకోండి.

సైటుకి వచ్చే దారిలో ఊళ్ళోని ఇళ్ళ కప్పులకేసి పొరపాటున కూడా చూడకండి. అక్కడి యాంటెన్నాలన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి, టవరు ఎటుందో పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. వాటి కడ్డీలు అడ్డంగా పడుకుని ఉంటే అది పెద్ద టవరు. నిలువుగా ఉంటే చాలావరకు లోయల్లోని ఊళ్ళకు అందించే రిలే టవరు. మీ యాంటెన్నాను కూడా అలాగే పడుకోబెట్టాలి లేదా నిలబెట్టాలి. ఇది తెలియని మనిషి నిలువు సిగ్నలు ముందు అడ్డం యాంటెన్నా పెట్టుకుని అర్ధరాత్రిదాకా ఉత్సాహంగా తిప్పగలడు. పైగా రిలే టవర్లలో చాలావాటి నుంచి వచ్చేది మూడు మల్టీప్లెక్సులే (చానళ్ళ మూటలు), అంటే ఇంటి దగ్గర వచ్చే చానళ్ళలో కొన్నే. మిగతావి టీవీ మింగేసిందని నిర్ధారించుకుని కొత్త టీవీకి ఆర్డరు పెట్టేయండి.

ట్యూనింగ్ సంగతి. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ టవరుకి ట్యూన్ చేసిన చానళ్ళ జాబితాతోనే కార్న్‌వాల్ వెళ్ళి, ‘మా ఇంట్లో బ్రహ్మాండంగా వచ్చింది’ అని వాదించడం ఒక పద్ధతి. యాంటెన్నా ఇంకా లేపకముందే రీట్యూన్ నొక్కి, ఉన్న జాబితాను కూడా తుడిచిపెట్టుకోవడం మరో పద్ధతి. మూడోది కాస్త నేర్పరులకు: వేసవిలో అధిక పీడనం వల్ల ఎక్కడెక్కడి సిగ్నళ్ళో వచ్చిపడి బొమ్మ చెదిరినప్పుడు, రీట్యూన్ చేయొద్దని చెబుతారు, వాతావరణం మారితే దానంతటదే సర్దుకుంటుంది. సరిగ్గా అప్పుడే చేయాలి. సోమర్సెట్ తీరంలో ఎదురుగా నీళ్ళవతల వేల్స్ టవరు తగిలితే ఎస్4సీ చానల్లో వెల్ష్ భాష వినిపిస్తుంది. పిల్లలు ఇప్పటికే తెలుగు నేర్చుకోవడం లేదన్న దిగులు ఉన్నవారు ఈ ప్రయోగానికి దూరంగా ఉండటం మంచిది.

ఇక అసలు పట్టులోకి వద్దాం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమనే కళకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. అలమరలోనో పై అరలోనో అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన బూస్టర్ ఉంటుంది. దానికో స్విచ్చి, ఓ చిన్న దీపం. పన్నెండు వోల్టుల కరెంటు దానికి అందాలి, కొన్ని రకాల్లో అదే కరెంటు కేబుల్ వెంట పైనున్న యాంటెన్నా దాకా వెళ్ళాలి. దీపం వెలగకపోతే మీరెంత తిప్పినా దండగే. ఆ స్విచ్చి సరిగ్గా మీరు ఆవకాయ జాడీ ఇరికించిన చోటే ఉంటుంది, దారిలో కుదుపులకి జాడీయే దాన్ని ఆపేసి ఉంటుంది. జాడీ కదపకండి. లేదా టవరు పక్కనే దిగినా సరే బూస్టర్ పూర్తిగా పెంచి పెట్టండి; సిగ్నలు మరీ ఎక్కువైనా టీవీ చేతులెత్తేస్తుంది, చూడ్డానికి రెండు జబ్బులూ ఒకేలా ఉంటాయి.

పిన్ను విప్పి చూడటం మరీ ప్రమాదం. విప్పితే జబ్బు దొరికిపోతుంది. కేబుల్ మధ్యలో ఒక రాగి తీగ, దాని చుట్టూ తెల్లటి తొడుగు, దానిపైన సన్నటి తీగల అల్లిక. ఆ అల్లికలోంచి వెంట్రుకంత పోగు ఒకటి పక్కకి వంగి మధ్య తీగను తాకిందంటే షార్టే. కళ్ళజోడు పెట్టుకుని గోటితో గిల్లేస్తే సరిపోయే ఆ పోగు కోసం దంపతులు మూడురోజులు మాట్లాడుకోకుండా ఉండగలరు. గోడకి రెండు సాకెట్లు ఉండటమూ మీకు కలిసొచ్చేదే: కొన్ని బండ్లలో ఒకటి కప్పు మీది యాంటెన్నాది, రెండోది బయట సైటు వాళ్ళ స్తంభం నుంచి తెచ్చుకునే కేబుల్‌ది. బయట ఏమీ తగిలించకుండా లోపల రెండోదాంట్లో గుచ్చండి. ఏళ్ళ తరబడి నిశ్చింతగా ఉండొచ్చు.

డిష్ ఉన్నవాళ్ళకి నా సలహా క్లుప్తం. ఫ్రీశాట్ అనే ఉచిత టీవీ సేవ ఉపగ్రహాలు 28.2 డిగ్రీల తూర్పున ఉంటాయి, డిష్ ఆగ్నేయానికి చూడాలి, అదీ మరీ పైకి కాదు. వాస్తు తెలిసిన జాతికి ఆగ్నేయం వెతుక్కోవడం కష్టం కాదు. అందుకని ఆ మూల పెద్ద ఓక్ చెట్టున్న పిచ్‌నే (బండి నిలిపే చోటు) అడిగి తీసుకోండి. ఎందుకని సైటు వార్డెన్ అడిగితే నీడ కోసమనండి. ఇంగ్లండులో నీడ అడిగిన మనిషిని ఆయన చాలాకాలం గుర్తుపెట్టుకుంటాడు.

సలహాదారులకు కొదవుండదు. పక్క పిచ్ పెద్దాయన సిగ్నల్ మీటరు పట్టుకుని వస్తాడు. ఆయనకు నిజంగానే తెలుసు కాబట్టి టీ ఇచ్చి పంపేయండి. గుంటూరు నుంచి మామగారు వీడియో కాల్‌లోకి వచ్చి, “సెట్‌టాప్ బాక్సు తీసి మళ్ళీ పెట్టు అల్లుడూ” అంటారు. మీ దగ్గర అసలా బాక్సు లేదని చెప్పకండి, బాగుండదు. వీడియో కాల్ అంత స్పష్టంగా వస్తున్న ఫోన్లోనే వింబుల్డన్ కూడా వస్తుందన్న ఆలోచన అప్పుడు తలెత్తవచ్చు. అణిచేయండి. ఫోన్లంటే మరో సంగతి: 48వ చానలు పైనున్న టీవీ తరంగాలను ఫోన్లకే ఇచ్చేశారు గనుక, పాత బూస్టరు ఆ ఫోను సిగ్నళ్ళను కూడా పెంచి టీవీని చెడగొట్టే వీలుంది. చిన్న ఫిల్టరు పెడితే ఆగుతుంది. చవగ్గా దొరికేదాన్ని కొంటే ఏం గొప్ప?

టీవీ లైసెన్సు గురించి మాత్రం మనసు పాడుచేసుకోకండి. 2025 ఏప్రిల్లో 174.50 పౌండ్లు చేసిన ఆ లైసెన్సు ఇంటికి ఉంటే చాలు, టూరింగ్ కారవాన్‌కీ అదే సరిపోతుంది. బొమ్మ వచ్చినా, రాకపోయినా.

ఈ ఒక్కటి మాత్రం వేళాకోళం కాదు. ఆదివారం బండి కదిపే ముందు అలమర తెరిచి, మాస్టు పూర్తిగా కిందికి దించి, బిగింపు తిప్పండి. డ్రైవరు సీట్లోంచి ఏ అద్దంలో చూసినా కప్పు మీది యాంటెన్నా కనిపించదు.