జోకర్ శబ్దానికి టీకా తాత్పర్యం

మూలం: "ఒరేయ్, వాడొట్టి జోకర్‌గాడ్రా!"

అవతారిక: మా వీధి చివర టీకొట్టు దగ్గర, అవతలివాడు బండెక్కి మలుపు తిరిగాక, ఒక పెద్దమనిషి ఉవాచ.

ప్రతిపదార్థం: ఒరేయ్ = చెవి ఒగ్గిన ఓ మిత్రమా!; వాడు = ఇందాకటిదాకా 'అన్నా' అనిపించుకుని, మనందరి టీ డబ్బులూ ఇచ్చి వెళ్లినవాడు; ఒట్టి = లోపల సరుకులేని; జోకర్ = నవ్వులపాలైనవాడు; గాడు = ఆటగాడు, వేటగాడులలోని గాడు కాదు, పేరుకు తగిలించే తోక; రా = ఒప్పుకోరా అని బతిమాలుట. గాడు + రా = గాడ్రా. సూత్రం వెతకొద్దు, వీధి ఒప్పుకుంది.

తాత్పర్యం: వాడి మాట లెక్కచెయ్యక్కర్లేదు.

పాఠాంతరాలు: నాటకాలు మరిగిన పాతతరం 'బఫూన్' అంటుంది. బుగ్గలు పూరించి ఊదడమనే ఇటలీ మాటలోంచి వచ్చింది. 'విదూషకుడు' తిట్టుగా పనికిరాదు. అయిదక్షరాలూ పలికేలోపు కోపం చల్లారుతుంది; పైగా సంస్కృత నాటకంలో రాజును 'వయస్యా' అని పిలిచే చనువున్నవాడు. 'కేతిగాడు' అన్నిటికన్నా మేలైన పాఠమని నా మతం. తోలుబొమ్మలాటలో రామరావణులు కాస్త ఆగితే చాలు, బంగారక్కతో తగువాడుతూ తెరమీదికి దూకేస్తాడు. నిద్రపోతున్న జనం లేచేది వాడికోసమే.

శంక: 'ఒట్టి' అన్నాడు గదా, గట్టి జోకర్ వేరే ఉన్నాడా?

సమాధానం: ఉన్నాడు, పేకలో. 1860ల్లో అమెరికాలో యూకర్ అనే ఆట కోసం చేర్చిన ముక్క అది. ఆ రాత్రే మన పెద్దమనిషి పదమూడు ముక్కలు విసనకర్రలా పట్టుకుని కూర్చున్నాడు. ఇస్పేటు ఏడుంది, తొమ్మిదుంది, ఎనిమిది రాదు. ఓ ముక్క లాగాడు. గంటల టోపీ బొమ్మ! మొహంలో ఏమీ కనబడనివ్వకుండా దాన్ని చొక్కాకు ఆనించుకుని, మెల్లగా ఏడుకీ తొమ్మిదికీ మధ్య కూర్చోబెట్టాడు. పొద్దున్న ఒట్టివాడు రాత్రికి ఎనిమిదయ్యాడు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన పెద్దమనిషి అదే గట్టిగా నమ్ముతాడు.

విశేషం: జోకర్లెన్ని పడినా, జోకర్ లేని వరస ఒకటి కుదరందే షో లేదు. ఓడినవాడి చేతిలో మిగిలిన రాజుకూ రాణికీ పదేసి పాయింట్లు రాస్తారు. జోకర్‌కు సున్నా.