ప్రాపర్టీస్ ఫైల్లో పంక్తి భోజనం

తెలుగువాళ్ల భోజనాలకు ఎంతమంది వస్తారో ముందుగా చెప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు. మలేషియాలోని క్లాంగ్‌లోనూ పుట్టలేదు. ఆ సంగతి జావా అనే ప్రోగ్రామింగ్ భాషకు నచ్చజెప్పే పని మాత్రం నా నెత్తిన పడింది.

ఉగాది భోజనాలకు పిలుపులు పంపి, వరుసగా జాబితా అచ్చేసే చిన్న ప్రోగ్రాం కావాలన్నారు ఇక్కడి తెలుగు సంఘం పెద్దలు. పేర్లు విడిగా ప్రాపర్టీస్ ఫైల్లో పెడితే, నన్ను నిద్ర లేపకుండా వాళ్లే మార్చుకోవచ్చు. ఎడమన కీ, మధ్యలో సమానం గుర్తు, కుడివైపు విలువ. 1996లో జావా తొలి వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఉన్న ఏర్పాటే. ఒక కీకి ఒక విలువంటే చటుక్కున ఇచ్చేస్తుంది. ఒక కీకి ఎంతమందైనా రావచ్చంటేనే నీళ్లు నములుతుంది.

ఫైలు బాధ్యత సెక్రటరీగారిది. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పోర్ట్ స్వెట్టెన్‌హామ్‌లో ఓడ దిగాడట. 1901లో తెరిచిన ఆ రేవు 1972లో పోర్ట్ క్లాంగ్‌గా పేరు మార్చుకుంది గానీ, సెక్రటరీగారి యాస మాత్రం మారలేదు. ఆయనకు సలహాదారు, ఇంజినీరింగ్ చదువుతున్న మేనల్లుడు.

మేనల్లుడి మొదటి సలహా కామాలు. అందరినీ ఒకే కీ కింద రాసేసి, కామా దగ్గర స్ప్లిట్ చేస్తే చాలన్నాడు. సెక్రటరీగారు మర్యాదస్తులు. ఒకాయన పేరు పక్కన కామా పెట్టి, మాజీ కోశాధికారి అని, మళ్లీ కామా పెట్టి పోర్ట్ క్లాంగ్ అని రాశారు. జావా ముగ్గురిని లెక్కపెట్టింది. ఆ లెక్కన రేవుపట్నం మొత్తానికీ మనం భోజనం బాకీ.

రెండో సలహా: అతిథి.1, అతిథి.2 అని ఒక్కొక్కరికీ ఒక్కో కీ, పైన అతిథి.సంఖ్య = 40. పేర్లు పెరిగాయి, సంఖ్య అలాగే ఉండిపోయింది. నలభై ఒకటో మనిషి జావా దృష్టిలో పుట్టనేలేదు. ఆ పుట్టని మనిషి సెక్రటరీగారి వియ్యంకుడు.

మూడో సలహా: సంఖ్య తీసేసి, ఒకటి నుంచి మొదలుపెట్టి గెట్‌ప్రాపర్టీ నల్, అంటే ‘ఏమీ లేదు’ అని, ఇచ్చేదాకా చదవడం. బాగానే నడిచింది. ఈలోగా ఏడో నంబరాయన జొహోర్ బారు వెళ్లిపోయాడు. సెక్రటరీగారు ఆ వరుస చెరిపేశారు. ఏడు దగ్గర నల్ రాగానే జావా చేతులు కడిగేసుకుంది. ఎనిమిది నుంచి చివరిదాకా అందరికీ ఉపవాసం.

అప్పుడు నేను కల్పించుకున్నాను. జావా 6 నుంచి స్ట్రింగ్‌ప్రాపర్టీనేమ్స్ అని ఒక మెథడ్ ఉంది, ఫైల్లో ఉన్న కీలన్నీ పట్టుకొస్తుంది. అందులో ‘అతిథి.’తో మొదలయ్యేవి ఏరుకుంటే సరి. ఎంతమందైనా ఉండనీ, మధ్యలో ఎవరైనా పోనీ, లెక్క తప్పదు. అయితే ప్రాపర్టీస్ అనేది హ్యాష్‌టేబుల్ బిడ్డ. ఎవరు ముందు, ఎవరు వెనక అనే పట్టింపు ఆ వంశంలోనే లేదు. జాబితాలో అధ్యక్షులవారు ఎక్కడో పిల్లల వరుసలో తేలారు.

“సార్ట్ చేసేద్దాం” అని నాలుగో సలహా పారేసి, చేసేశాడు మేనల్లుడు. కీలు అక్షరాలు కాబట్టి అక్షరాల లెక్కలోనే పేర్చుకున్నాయి: 1, తరవాత 10, 11, 12... ఆ తరవాత ఎప్పటికో 2.

“ఏటి బాబూ, పదో నంబరోడు నాకంటే ముందెలాగొచ్చేసినాడు? నాకంటే సిన్నోడు గదా!” అన్నారు రెండో నంబరు సెక్రటరీగారు.

చుక్క తరవాతి ముక్కను అంకెగా మార్చి పేర్చాక గొడవ సద్దుమణిగింది. మనుషుల్ని లెక్కపెట్టే పని యంత్రానికి వదిలేయాలి; మనుషులు పేర్లు రాస్తే చాలు.

మిగిలిన చిక్కు ఒక్కటే. ఫైల్లో ఇద్దరికి అతిథి.1 అని రాస్తే జావా ఎర్రర్ ఇవ్వదు, గొడవ పడదు. కింద రాసినవాడిని ఉంచుకుని పైవాడిని చప్పుడు లేకుండా తీసేస్తుంది. ఈ రహస్యం కమిటీలో ఎలాగో పొక్కింది. అప్పటినుంచీ ఫైలు ఆఖరున తెరిచే అవకాశం కోసం అందరూ ఒకరికొకరు దారి ఇచ్చుకుంటున్నారు: “ముందు తమరు రాయండి, నాకేం తొందర లేదు!”