గీకుడు శాస్త్రం

ఏ శాస్త్రానికైనా అనుబంధాలు నాలుగు. దీనికి విషయం అల్యూమినియం పడవ మీది పాత రంగు. సంబంధం ఆ రంగుకీ రేకుకీ ఉన్నది. ప్రయోజనం ఆ సంబంధాన్ని తెగ్గొట్టడం. అధికారి, కొత్త రంగు డబ్బా ముందే కొనేసుకున్నవాడు.

రెండో ప్రపంచయుద్ధంలో యుద్ధవిమానాలు చేసిన అమెరికా గ్రమ్మన్ కంపెనీ, యుద్ధం ముగిసే వేళకు అల్యూమినియం కెనూల తయారీకి దిగింది. నేడు మిన్నెసోటా సరస్సుల పక్క పెరళ్లలో బోర్లా పడుకున్న పడవలెన్నో ఈ శాస్త్రానికి ఉదాహరణలు.

రంగు త్రివిధం. పెచ్చులు లేచి, వేలు తగిలితే రాలేది విరక్తం. పైకి నున్నగా ఉండి లోపల పట్టు వదిలేసింది కపటం. ఏం చేసినా కదలనిది అనురక్తం. కపటాన్ని పట్టే పరీక్ష ఒకటుంది: బ్లేడుతో గళ్లు గళ్లుగా గీతలు గీసి, టేపు గట్టిగా అతికించి, ఒక్క లాగు లాగాలి. టేపు వెంట వచ్చేసిన గడులన్నీ కపటాలే.

ఇక పూర్వపక్షాలు. కాస్టిక్ సోడా పూస్తే రంగు దానంతటదే లేచిపోతుందని ఒక మతం. నిజమే. ఆ వెనుకే అల్యూమినియమూ కరుగుతూ హైడ్రోజన్ బుడగలు వదులుతుంది. పడవ మిగిలితేనే కదా కొత్త రంగు! ఇనుప బ్రష్షుతో రుద్దాలని రెండో మతం. ఇనుప రజను రేకులో దిగబడి, తడి తగలగానే తాను తుప్పు పట్టి, చుట్టూ ఉన్న అల్యూమినియానికి గుంటలు పెడుతుంది. ఇసుక ఊదాలని మూడో మతం. పలచని రేకు వంకర తిరుగుతుంది. మూడూ త్యాజ్యాలే.

సిద్ధాంతం: విరక్తానికి ప్లాస్టిక్ గీకుడుబిళ్ల చాలు. కపటానికి, అల్యూమినియం మీద వాడొచ్చని డబ్బా మీద రాసి ఉన్న స్ట్రిప్పర్ పూసి, రంగు ముడతలు లేచేదాకా ఆగాలి. ఆగలేనివాడికి జిగట ముద్ద ప్రాప్తిస్తుంది. రివెట్ల చుట్టూ నైలాన్ బ్రష్షు. అనురక్తాన్ని పీకరాదు. ఉప్పుకాగితంతో మెరుపు చంపి, అంచులు పలచబరిచి, దాని మీదే కొత్త రంగు వేయాలి. ఊడాల్సిన రంగు గంటలో ఊడుతుంది; రోజంతా తినేది ఊడనక్కర్లేని రంగే. పాత రంగుల్లో సీసం, క్రోమేటు ఉండొచ్చు గనక తడిపి రుద్దడం, ముక్కుకు మాస్క్ నిత్యవిధులు.

బయటపడ్డ రేకుకు గాలి సోకగానే కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర కడుతుంది. శుభ్రం చేసిన రోజే ప్రైమరు పూయమన్నది అందుకే. ఇక్కడ శిష్యుడికి సందేహం వచ్చింది: "గురువుగారూ, ఆ పొరే రేకును కాపాడుతుంటే, మంచినీటి సరస్సులో తిరిగే పడవకు అసలు రంగెందుకండీ?"

"ఎదురింటాయన వేయించాడు గనక నాయనా."

ఫలశ్రుతి: ఈ శాస్త్రం చదివి గీకినవాడికి మెరిసే పడవ, చదివి మానుకున్నవాడికి చేపలు లభిస్తాయి.